బంకమట్టిలో నీళ్లు పట్టి ఉంచేది ఎవరు?

అందరికీ నమస్కారం. ఇక్కడ బెంగళూరులో మన కాళ్ల కింద ఉండేది చాలావరకు ఎర్రమట్టి, అందులో కయోలినైట్ అనే బంకమట్టి ఖనిజం ఎక్కువ, అది పెద్దగా ఉబ్బదు. కానీ మీలో చాలామందికి ఊళ్లో, కర్నూలు వైపో గుంటూరు వైపో, నల్లరేగడి పొలం ఉండే ఉంటుంది. ఎండాకాలం నెర్రెలు విచ్చి, వాన పడగానే ఉబ్బే నేల. నేను మాట్లాడేది దాని గురించే.

అందులో ఉండే ముఖ్యమైన ఖనిజం మాంట్‌మోరిల్లొనైట్. అన్నీ పల్చటి రేకులు. రేకు లోపల అక్కడక్కడా అల్యూమినియం ఉండాల్సిన చోట మెగ్నీషియం ఉంటుంది, దాంతో రేకుకు రుణావేశం మిగులుతుంది, దాన్ని సరిపెట్టడానికి సోడియమో కాల్షియమో వచ్చి రేకుల మధ్య చేరుతుంది. ఇవి అక్కడ శాశ్వతం కాదు, నీళ్లలో ఇంకో అయాన్, అంటే ఇలాంటి ఆవేశమున్న ఇంకో కణం, ఎక్కువగా వస్తే చోటు ఇచ్చేస్తాయి.

మరి ఎవరుంటే మట్టి ఎక్కువ నీళ్లు పట్టుకుంటుంది? సోడియం అని చాలామంది ఠక్కున చెప్పేస్తారు, అది సగమే నిజం. తేమ తక్కువున్న గాలిలో పెట్టి చూడండి, కాల్షియం మట్టిలోనే నీళ్లు ఎక్కువ ఉంటాయి, ఎందుకంటే రెండు ఆవేశాలున్న కాల్షియం నీటి అణువులను తన చుట్టూ గట్టిగా లాక్కుంటుంది. అదే మట్టిని నీళ్లలో వేస్తే లెక్క తారుమారు! కాల్షియం రేకులను విడిపోనివ్వదు, రేకుకూ రేకుకూ దూరం సుమారు 19 ఆంగ్‌స్ట్రామ్‌ల (ఒక ఆంగ్‌స్ట్రామ్ అంటే మీటరులో వెయ్యి కోట్లవ వంతు) దగ్గర ఆగుతుంది. సోడియానికి ఆ పట్టు లేదు, ఉప్పు తక్కువున్న నీళ్లలో ఆ దూరం 40 దాటి పెరుగుతూనే పోతుంది.

ల్యాబ్‌లో ఉబ్బు కొలవడం తేలికే. పది గ్రాముల మట్టి నీళ్లున్న జాడీలో, ఇంకో పది గ్రాములు కిరోసిన్ జాడీలో పోసి 24 గంటలు వదిలేస్తాం. కిరోసిన్‌లో ఉబ్బదు కాబట్టి తేడా కళ్లకు కనిపిస్తుంది.

అయితే ఎక్కువ నీళ్లు పట్టుకునే మట్టి పైరుకు మంచిదనుకోకండి, ఈ మాట రైతు కుటుంబాల వాళ్లు బాగా పట్టించుకోవాలని నా కోరిక. సోడియం ఎక్కువైన చౌడు నేలలో మట్టి కణాలు విడిపోయి రంధ్రాలు మూసుకుపోతాయి, నీళ్లు పైనే నిలుస్తాయి, కింద వేరు ఎండుతుంది. జిప్సం వేసేది అందుకే, అందులోని కాల్షియం సోడియాన్ని బయటికి నెడుతుంది. మట్టి పరీక్షలో మార్చుకోదగిన సోడియం, అంటే మట్టి పట్టుకున్న, చోటు మార్చుకోగల అయాన్లలో సోడియం వాటా, 15 శాతం దాటిందేమో అడగండి. దాటితే జిప్సం ఒక్కటే చాలదు, మంచి నీళ్లు పెట్టి, ఆ నీళ్లు బయటికి పోయేలా మురుగు కాలువ కూడా తీయాలి, లేకపోతే బయటపడ్డ సోడియం పొలంలోనే ఉండిపోతుంది.