మీ ఊరి రోడ్డు ఎవరిది?

అందరికీ నమస్కారం. పిలిచినవాళ్ళు హైవేల గురించి నాలుగు ముక్కలు చెప్పమన్నారు గానీ, నేను గుంత దగ్గర మొదలుపెడతాను. మీ ఊరి రోడ్డు మీద గుంత పడింది, ఎవర్ని అడగాలి? సర్పంచినా, ఎమ్మెల్యేనా, ఢిల్లీ వాళ్ళనా? మనం మామూలుగా ఎవరు ఎదురుపడితే వాళ్ళనే తిట్టేస్తాం. ఆ రోడ్డు ఏ తరగతిదో తేలితే గానీ అసలు జవాబు దొరకదు.

ముందు ఒక భ్రమ వదిలించుకుందాం. వెడల్పుగా నున్నగా ఉంటే జాతీయ రహదారి, ఇరుకుగా ఉంటే పల్లె రోడ్డు అనుకుంటాం కదా. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు 158 కిలోమీటర్లు, ఎనిమిది వరసలు, దాని మీద కార్లు నూరు దాటి పరిగెడతాయి, అయినా అది జాతీయ రహదారి కాదు. హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్ళే 765 నంబరు రోడ్డు చూడండి. అమ్రాబాద్ అడవిలో మలుపులు మలుపులుగా పోయే రెండు వరసల రోడ్డు, పులులున్న చోటు కాబట్టి రాత్రి తొమ్మిదికి గేటు వేస్తే పొద్దున ఆరింటికి గానీ తీయరు, అదేమో జాతీయ రహదారి! ఆ రోడ్డుకి యజమాని ఎవరు, డబ్బు ఎవరు పెడతారు, భూమి ఏ చట్టం కింద తీసుకుంటారు, ఇదంతా తేల్చేదే తరగతి.

ఈ తరగతులు 1943లో రోడ్ల కోసం వేసిన నాగపూర్ ప్రణాళికలో వచ్చాయి. జాతీయ, రాష్ట్ర, జిల్లా, గ్రామ రోడ్లు, జిల్లా రోడ్లలో మళ్ళీ మేజర్, ఇతర అని రెండు రకాలు. తర్వాత రాజ్యాంగం జాతీయ రహదారులను కేంద్రానికి ఇచ్చి మిగతావి రాష్ట్రాలకు వదిలింది. 1956 నాటి జాతీయ రహదారుల చట్టం ప్రకారం కేంద్రం గెజిట్‌లో ప్రకటిస్తే చాలు, నిన్నటి రాష్ట్ర రోడ్డు ఇవాళ జాతీయ రహదారి అయిపోతుంది. అలా అవుతూ అవుతూ 2014లో 91 వేల కిలోమీటర్లున్నవి ఇప్పుడు లక్షా 46 వేలు దాటాయి. దేశంలో మొత్తం రోడ్లు 63 లక్షల కిలోమీటర్ల పైమాటే, అందులో ఇవి రెండు శాతం చిల్లర, కానీ ట్రాఫిక్‌లో నలభై శాతం దాకా వీటి మీదే.

మన దగ్గర రాష్ట్ర రహదారులు, జిల్లా రోడ్లు ఆర్ అండ్ బీ, అంటే రాష్ట్ర రోడ్లు భవనాల శాఖ వాళ్ళవి, ఊళ్ళ రోడ్లు పంచాయతీరాజ్ వాళ్ళవి. జాతీయ రహదారులన్నీ కేంద్రం వాళ్ళ జాతీయ రహదారుల సంస్థ ఎన్‌హెచ్‌ఏఐ చూస్తుందనుకోకండి, కొన్నింటిని కేంద్రం డబ్బుతో మన ఆర్ అండ్ బీ వాళ్ళే చూస్తారు. అనుమానం వస్తే కిలోమీటరు రాయి చూడండి. నెత్తిన పసుపు ఉంటే జాతీయ, ఆకుపచ్చ ఉంటే రాష్ట్ర, నారింజ రంగుంటే ప్రధానమంత్రి గ్రామీణ సడక్ యోజన కింద వేసిన పల్లె రోడ్డు. రాయి మీద సినిమా పోస్టర్ అంటించేసి ఉంటే నేనేం చేయలేను.

ఇక నంబర్లు. పెద్దవాళ్ళు ఇంకా ఐదో నంబరు, ఏడో నంబరు, తొమ్మిదో నంబరు అనే అంటారు. 2010లో అన్నీ మార్చారు. ఉత్తరం నుంచి దక్షిణానికి పోయేవాటికి సరిసంఖ్య, తూర్పు నుంచి పడమరకు పెరుగుతుంది. విశాఖలో 16, విజయవాడ దగ్గర 30, కర్నూలు నుంచి కడప వైపు 40, అనంతపురంలో 44. అడ్డంగా పోయేవాటికి బేసిసంఖ్య, పైనుంచి కిందికి పెరుగుతుంది. నిర్మల్‌లో 61, నిజామాబాద్‌లో 63, విజయవాడ హైవే 65, నెల్లూరులో 67, తిరుపతిలో 71. మూడంకెలుంటే శాఖ అన్నమాట, చివరి రెండంకెలు తల్లి రోడ్డువి. కత్తిపూడి నుంచి ఒంగోలు దాకా తీరం వెంట వచ్చే 216కి తల్లి 16. ప్రభుత్వం పెట్టిన పద్ధతుల్లో ఇంత ముచ్చటగా ఉన్నవి తక్కువ.

తరగతి ఎంత డబ్బు విషయమో 2016 డిసెంబరులో తెలిసింది. జాతీయ, రాష్ట్ర రహదారులకు 500 మీటర్లలోపు మద్యం అమ్మకూడదని సుప్రీంకోర్టు చెప్పింది. చండీగఢ్ వాళ్ళు ఏం చేశారు? దుకాణాలు కదపలేదు, ఊళ్ళోని రాష్ట్ర రహదారుల్ని మేజర్ జిల్లా రోడ్లుగా మార్చేశారు! అదే తారు, అవే చెట్లు, కాగితం మీద పేరు మారింది, అంతే. మున్సిపాలిటీల లోపల ఆ నిషేధం వర్తించదని 2017 జూలైలో కోర్టే తేల్చింది.

బైపాస్ పడ్డ ఊళ్ళలో ఇంకో చిక్కు ఉంది. హైవే ఊరి బయటికి పోయాక లోపలి పాత రోడ్డును రాష్ట్రానికి అప్పగించాలి. ఆ అప్పగింత కాగితాలు తేలేదాకా కేంద్రం వైపు వాళ్ళు మాది కాదంటారు, ఇటు వాళ్ళు ఇంకా మాకు రాలేదంటారు, మధ్యలో ఆటోవాళ్ళ నడుములు పోతాయి. మీ ఊళ్ళో అలాంటి రోడ్డుంటే అప్పగింత ఎప్పుడు జరిగిందో, కాయితం ఎక్కడుందో సమాచార హక్కు కింద ఒక అర్జీ పెట్టి అడగండి. కాయితం చేతికొస్తే ఎవరి ఆఫీసుకి వెళ్ళాలో తెలుస్తుంది.

సరే, ఇక మీరు అడగండి.