ఒకే ఖర్జూర చెట్టు, రెండు నాణేలు

శ్రోతలకు నమస్కారం.

రేడియోలో నాణెం చూపించలేం కాబట్టి ఓ పని చేద్దాం. మూడు పది రూపాయల బిళ్లలు ఒకదాని మీద ఒకటి పెట్టి అరచేతిలో పట్టుకోండి. పాతిక గ్రాములుండే రోమన్ సెస్టర్షియస్ బరువు ఇంచుమించు అంతే. అడ్డం మాత్రం మూడు సెంటీమీటర్లు దాటుతుంది. కంచు నాణెం అనడం అలవాటే గానీ, అగస్టస్ నాటి నుంచి దీన్ని కొట్టింది ఇత్తడితో. కొత్తలో బంగారంలా మెరిసేది.

బొమ్మ వైపు చక్రవర్తి తల, దాని చుట్టూ అక్షరాలు. చోటు చాలదు కనుక బిరుదులన్నీ పొడి అక్షరాల్లోకి కుదించారు. కాన్సుల్ అంటే రోమ్‌లో ఏటా మారే పెద్ద పదవి. వెస్పాసియన్ చక్రవర్తి నాణెం మీద ‘మూడోసారి కాన్సుల్’ అని ఉందంటే అది క్రీ.శ. 71 నాటిది.

ఆ ఏడాది నాణెం ఒకటి బొరుసు తిప్పండి. నడుమ ఖర్జూర చెట్టు. దాని కింద తల వంచుకుని, చేతికి చెంప ఆనించి కూర్చున్న ఆడమనిషి. ఆమే యూదయ దేశం. ‘యూదయ కాప్టా’, అంటే యూదయ పట్టుబడింది అని రాత. అంతకు ముందు ఏడాదే రోమన్ సైన్యం జెరూసలేం ఆలయాన్ని నాశనం చేసింది. యూదులు ఏటా ఆ ఆలయానికి ఇచ్చుకునే కానుకను వెస్పాసియన్ పన్నుగా మార్చి, రోమ్‌లోని జూపిటర్ గుడికి మళ్లించాడు. గెలిచిన గొప్ప చాటుకోవడానికి ఏడుస్తున్న ఆడమనిషి బొమ్మ కావాల్సి రావడం నాకైతే మింగుడుపడదు.

వెస్పాసియన్ కొడుకు డొమిషియన్ చక్రవర్తి కాలానికి ఆ వసూళ్లు మరీ ముదిరాయి. పన్ను కట్టాల్సిన యూదుడో కాదో తేల్చడానికి తొంభై ఏళ్ల ముసలాయనకు సున్తీ అయిందో లేదో నిండు కోర్టులో పరీక్షించడం తాను కుర్రతనంలో కళ్లారా చూశానని చరిత్రకారుడు స్యూటోనియస్ రాశాడు.

96లో నెర్వా గద్దెనెక్కాడు. అతని నాణెం మీదా అదే ఖర్జూర చెట్టు, కానీ కింద ఎవరూ లేరు. చెట్టుకు అటూ ఇటూ ఎస్, సి అని రెండు పెద్దక్షరాలు: సెనేటు తీర్మానం ప్రకారం అని. చుట్టూ ఉన్న రాతకు అర్థం, యూదుల పన్ను పేరిట జరిగే తప్పుడు అభియోగాలను తొలగించాం అని. ఇక్కడే ఉంది మెలిక. పోయింది వేధింపే, పన్ను కాదు. చదువు రానివాడికి చెట్టు ఒక్కటే కనిపించి ఉంటుంది. ఆ కాస్త తేడా తెలియాలంటే అక్షరాలు రావాలి.

నెర్వాదే ఇంకో నాణెం నాకు మరీ ఇష్టం. సర్కారు తపాలా బళ్లకు పశువుల్ని, బళ్లను దారి పొడుగునా ఊళ్లవాళ్లే సమకూర్చాల్సి వచ్చేది. మన పెద్దలు వెట్టి అనేదానికి దగ్గరి చుట్టం. ఇటలీ వరకు ఆ భారం తీసేశామని చెప్పడానికి వేసిన బొమ్మలో దేవుడూ లేడు, రథమూ లేదు. రెండు కంచర గాడిదలు చెరో దిక్కుకు తిరిగి తీరుబడిగా గడ్డి మేస్తున్నాయి. వెనక విప్పేసిన బండి, నొగలు పైకి లేచి.

సెలవు.