గ్లాస్గో పాత ఇళ్ల పైకప్పులు: తడి ఆరే దారి

సభకు నమస్కారం. స్కాట్లాండ్‌లోని ఈ గ్లాస్గోలో ఎర్రరాతి, పసుపురాతి పాత భవనాల్లో ఫ్లాట్లు కొనుక్కున్నవారు ఈ హాల్లో చాలామంది ఉన్నారు. అందుకని ఉపోద్ఘాతం లేకుండా నేరుగా పైకప్పు ఎక్కేద్దాం.

ఏడాది మొత్తం వాన లెక్క చూస్తే విశాఖపట్నానికీ ఈ ఊరికీ పెద్ద తేడా లేదు. రెండు చోట్లా వెయ్యి మిల్లీమీటర్ల పైచిలుకే. విశాఖలో అది కొద్ది నెలల్లో దంచికొట్టి పోతుంది, ఆ తర్వాత కాసే ఎండకు గోడ ఆరిపోతుంది. ఇక్కడ అదే వాన ఏడాదికి సుమారు 170 రోజులు, నైరుతి గాలితో కలిసి ఏటవాలుగా కొడుతుంది. రాయి ఆరేలోపే మళ్లీ జల్లు. "కారుతోందా, సిమెంటు మెత్తించు" అనే మన ఊరి వైద్యం ఇక్కడ వికటించేది అందుకే.

ఇంట్లో అందరికంటే ఎక్కువ తడిసేది పొగగొట్టం. పాతకాలపు మేస్త్రీలు దాన్ని సున్నంతో కట్టారు. సున్నం తడిని పీల్చుకుంటుంది, గాలి తగిలితే వదిలేస్తుంది. దాని మీద సిమెంటు పూస్తే కొన్నేళ్లకు వెంట్రుకవాసి బీటలు పడతాయి. వాటిలోంచి దిగిన నీటికి బయటికి దారి ఉండదు. చలికి అది గడ్డకట్టిందంటే రాతి ముఖం పెచ్చులుగా ఊడుతుంది. ఇటుక పొగగొట్టాలకు మరో బాధ ఉంది. ఏళ్ల తరబడి కాల్చిన బొగ్గు మసిలోని సల్ఫేట్లు తడితో సిమెంటులోకి చేరి దాన్ని ఉబ్బిస్తాయి. ఎక్కువ తడిసే పక్క ఎక్కువ ఉబ్బి, గొట్టం రెండో పక్కకు ఒరుగుతుంది. రోడ్డుకు అవతలి పక్క నిలబడి చూస్తే ఆ వంపు తెలిసిపోతుంది.

తెలిసీ వదిలేస్తే ఏమవుతుందో ఈ నగరం చూసింది. 1968 జనవరి 15 తెల్లవారుజామున వచ్చిన తుపానులో గాలి గంటకు వంద మైళ్లు దాటింది. పొగగొట్టాలు కూలి, పైకప్పులను చీల్చుకుంటూ నిద్రపోతున్నవారి మీద పడ్డాయి. స్కాట్లాండ్‌లో 20 మంది చనిపోయారు. దెబ్బతిన్న ఇళ్లు రెండున్నర లక్షలకు పైమాటే.

పొయ్యి వాడటం మానేసినవారు చేసే పని ఒకటుంది. పైన గొట్టం మూతిని బిగించేస్తారు, కింద పొయ్యి నోటిని పలకతో మూసేస్తారు. లోపల చిక్కుకున్న గాలి చెమ్మగిల్లుతుంది. పైన వాన పడకుండా, గాలి మాత్రం ఆడే టోపీ పెట్టించండి. కింద చిన్న జాలీ ఉంచండి. చలిగాలి వస్తుందని దాన్ని కాగితంతో కుక్కేవాళ్లనూ చూశాను!

పొయ్యి ఉన్న గోడ మీద గోధుమరంగు మరక కనిపిస్తే వెంటనే పైకప్పును తిట్టకండి. ముందు ఆ మరక ఎప్పుడు ముదురుతోందో గమనించండి. నైరుతి వాన కొట్టిన కొన్ని గంటలకే పెరిగితే, పొగగొట్టం మొదట్లో కప్పుకు అతికించిన సీసపు రేకు లేచిపోయి ఉండవచ్చు. వాన లేకపోయినా, వాతావరణం చెమ్మగా ఉన్న రోజున మరక తడిగా తయారైతే అది మసిలోని లవణాల పని. అవి గాలిలోని తేమనే లాక్కుంటాయి. దాని మీద ఎన్ని పూతల రంగు వేసినా మళ్లీ పైకి వస్తుంది. ఆ మేరకు గోడ పూత ఊడగొట్టించి కొత్తది వేయించాల్సిందే.

పొయ్యి ఇంకా వాడేవారైతే, కట్టెలు కాలుస్తుంటే ఏడాదికి కనీసం రెండుసార్లు గొట్టం శుభ్రం చేయించండి. జాక్‌డా అనే చిన్న జాతి కాకి వసంతంలో గొట్టంలోకి పుల్లలు జారవిడుస్తూనే ఉంటుంది, ఒకటి ఇరుక్కునేదాకా. కడుతున్న గూడునైనా, వాడుతున్న గూడునైనా తీయడం నేరం, కాబట్టి వసంతం రాకముందే గొట్టం పైన జాలీ పెట్టించాలి. కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువును పసిగట్టే అలారం 2022 ఫిబ్రవరి నుంచి ఇక్కడ తప్పనిసరి. దాని విషయంలో బేరం లేదు.

ఇక కప్పు మీది రాతి పలకలు. పాత ఇళ్లలో చాలావాటి మీద ఉన్నవి స్కాట్లాండ్‌లోని బాలహూలిష్ గనుల పలకలు. ఆ గనులు 1955లో మూతపడ్డాయి, కాబట్టి పాత పలక ఒక్కటి కూడా పారేయనివ్వకండి. సాధారణంగా ముందు చెడేది పలక కాదు, మేకు. తుప్పుపట్టి విరిగితే పలక జారుతుంది. ఇక్కడి పద్ధతిలో పలకకు పైఅంచున ఒకే మేకు కొడతారు. అందువల్ల పనివాడు పక్క పలకను గడియారం ముల్లులా పక్కకు తిప్పి, కిందిది మార్చి, మళ్లీ యథాస్థానానికి తెస్తాడు. చూడటానికి ఎంత ముచ్చటగా ఉంటుందో! పలకల కింది చెక్కల మధ్య సన్నని సందులు వదిలింది గాలి ఆడటానికే. అటకలోంచి గట్టిపడే నురుగు (స్ప్రే ఫోమ్) కొట్టి ఆ సందులు మూసేస్తామనే వారిని గుమ్మంలోంచే పంపించేయండి. చెక్క కుళ్లినా కనబడదు, పలక తిప్పడానికీ వీలుండదు, రేపు ఆ ఇంటిమీద అప్పు ఇవ్వడానికి బ్యాంకులు వెనకాడతాయి.

ఖర్చు సంగతి. మీ దస్తావేజుల్లో వేరే ఏర్పాటు లేకపోతే, 2004 నాటి టెనెమెంట్ల (ఉమ్మడి ఫ్లాట్ల భవనాల) చట్టం ప్రకారం కప్పు మరమ్మతుకు ఫ్లాట్ల యజమానుల్లో మెజారిటీ ఒప్పుకుంటే చాలు, మిగతావారూ కట్టాలి. కింది అంతస్తువారికి "కప్పు మాది కాదు" అనే వీలు లేదు. పొగగొట్టం ఖర్చులో మాత్రం, దాని లోపలి గొట్టాల్లో ఎవరి ఫ్లాటువి ఎన్ని ఉంటే వారికి అంత వాటా. చాలాసార్లు పనికంటే పరంజాకే ఎక్కువ అవుతుంది. కనుక పరంజా లేచిందంటే పలకలు, సీసపు రేకు, గొట్టం మూతులు, వాననీటి కాలువలు అన్నీ ఒకేసారి చూపించుకోండి. అంచనా కాగితంలో సున్నమా, సిమెంటా అనేది రాయించుకోండి. పని జరిగేటప్పుడు ఫోటోలు తీసి పంపమనండి. మీరు అంత ఎత్తుకు ఎక్కి చూడలేరు కదా.