ఇరవై మంది ఉన్నా ఐదు తరగతులే

వేదిక మీది పెద్దలకు, నాతోపాటు సుద్దముక్క పట్టిన మిత్రులకు, పని మానుకుని ఇక్కడిదాకా వచ్చిన పేరెంట్స్ కమిటీ సభ్యులకు నమస్కారం.

నేను ముప్పై రెండేళ్లు ప్రాథమిక పాఠశాలల్లో పనిచేశాను. అందులో తొమ్మిదేళ్లు బడిలో నేనొక్కడినే టీచర్ని. ఈ రోజు నాకిచ్చిన అంశం ప్రభుత్వ బడుల విషయంలో సర్కారు విధానం: టీచర్ల నియామకం, నిధులు, మూల్యాంకనం. చూడ్డానికి ఇవి మూడు వేర్వేరు ఫైళ్లు. కానీ మూడింటికీ మూలం ఒక్క అంకె. బడిలో పిల్లలెంతమంది? ఆ అంకెను బట్టే పోస్టు, ఆ అంకెను బట్టే గ్రాంటు, చివరికి బడి మంచిదా కాదా అన్న తీర్పు కూడా. ఈ లెక్క తప్పు. లెక్క వేయాల్సింది తరగతులను. ఆ మాట చెప్పడానికే వచ్చాను.

ముందు నా బడిలో ఒక రోజు ఎలా గడిచేదో చెబుతాను. ఒకటి నుంచి ఐదు దాకా తరగతులు, ఇరవై రెండు మంది పిల్లలు, ఒక గది, ఒక వరండా. ఒకటి, రెండు తరగతులకు తెలుగు, ఇంగ్లీషు, లెక్కలు. మూడు నుంచి ఐదు దాకా వాటికి తోడు పరిసరాల విజ్ఞానం. కలిపితే రోజూ పద్దెనిమిది పాఠాలు. విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రాథమిక పాఠశాల ఏడాదికి 200 రోజులు, 800 గంటలు పనిచేయాలి. అంటే రోజుకు నాలుగు గంటలు, 240 నిమిషాలు. ఐదు తరగతులకు పంచితే తరగతికి 48 నిమిషాలు. మూడో తరగతి పిల్లకు నాలుగు సబ్జెక్టులు కాబట్టి ఒక్కో సబ్జెక్టుకు 12 నిమిషాలు. అటెండెన్స్ వేయడం, భోజనానికి ఎంతమందో పంపడం, యాప్‌లో ఫొటోలు ఎక్కించడం, ఎవరో తలుపు తట్టి అడిగిన సర్టిఫికెట్ వెతకడం, ఇవన్నీ ఆ 12 నిమిషాల్లోంచే పోవాలి. చుట్టుపక్కల బడుల టీచర్లంతా కలిసే కాంప్లెక్స్ మీటింగు ఉన్న రోజు బడికి పక్క ఊరి నుంచి ఎవరినైనా సర్దుబాటు చేస్తే సరి, లేకపోతే తాళమే.

పిల్లలు ఇరవై రెండు మందే కదా, ఒక టీచరు చాలరా అంటారు. ఒకే తరగతిలో ఇరవై రెండు మంది ఉంటే హాయిగా చాలు. ఐదు తరగతుల్లో ఇరవై రెండు మంది ఉంటే చాలరు. ఈ తేడా ఒక్కరోజు బల్ల ముందు నిలబడితే అర్థమవుతుంది. ఫైలు మీద అర్థం కాదు.

ఇది కొత్తగా బయటపడిన సంగతి కూడా కాదు. 1986 జాతీయ విద్యా విధానం తర్వాత 1987లో ఆపరేషన్ బ్లాక్‌బోర్డు వచ్చింది. ప్రతి ప్రాథమిక పాఠశాలకు కనీసం రెండు గదులు, ఇద్దరు టీచర్లు ఉండాలని అప్పుడే రాసుకున్నారు. 2009 విద్యాహక్కు చట్టం దాన్ని షెడ్యూల్లో పెట్టింది. 60 మంది దాకా ఇద్దరు టీచర్లు, 61 నుంచి 90 దాకా ముగ్గురు, 91 నుంచి 120 దాకా నలుగురు. మంజూరైన పోస్టుల్లో పదో వంతుకు మించి ఖాళీలు ఉండకూడదని 26వ సెక్షన్ చెబుతోంది. అయినా కేంద్రం ఏటా సేకరించే బడుల సమాచారం, అదే 2024-25 యూడైస్ ప్లస్ లెక్కల ప్రకారం దేశంలో ఏకోపాధ్యాయ పాఠశాలలు 1,04,125. వాటిలో చదువుతున్న పిల్లలు దాదాపు 34 లక్షలు. ఆ జాబితాలో అందరికన్నా పైన ఉన్నది మన ఆంధ్రప్రదేశ్. 12,912 బడులు. ఈ అంకె చదివిన రోజు నాకు అన్నం సహించలేదు.

ఎందుకిలా? ఒక కారణం అందరికీ తెలిసిందే. టీచర్ల నియామకానికి పెట్టే డీఎస్సీ సమయానికి రాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2018 తర్వాత పెద్ద నియామకం అంటే 16,347 పోస్టుల 2025 మెగా డీఎస్సీయే. మధ్యలో 2024లో ఇచ్చిన నోటిఫికేషన్ రద్దయింది. తెలంగాణలో 2017 టీచర్ల నియామక పరీక్ష (టీఆర్‌టీ) తర్వాత 2024లో 11,062 పోస్టులతో డీఎస్సీ వచ్చింది. ఇద్దరు టీచర్లున్న బడిలో ఒకరు రిటైరైతే ఆ కుర్చీ ఏడేళ్లు ఖాళీ అన్నమాట. ఆ ఏడేళ్లలో ఒకటో తరగతిలో చేరిన పిల్ల హైస్కూలుకు వెళ్లిపోతుంది.

రెండో కారణం గురించి ఎక్కువగా మాట్లాడుకోం. టీచరు ఒక్కరే అయ్యేసరికి ఊళ్లో కాస్త స్తోమత ఉన్నవాళ్లు పిల్లల్ని వ్యాన్ ఎక్కిస్తారు. వాళ్లను తప్పుపట్టలేను. రోల్, అంటే బడిలో పిల్లల సంఖ్య, పడిపోతుంది. పిల్లల సంఖ్యను బట్టి పోస్టులు సర్దే రేషనలైజేషన్‌లో ఆ బడి పోస్టు సర్‌ప్లస్ అని తేలుతుంది. పోస్టు పోయేసరికి మిగిలినవాళ్లలో మరో నలుగురు వ్యాన్ ఎక్కుతారు. మళ్లీ రోల్ తగ్గిందని రిపోర్టు వెళుతుంది. టీచరు లేకపోవడం వల్ల పిల్లలు తగ్గారా, పిల్లలు తగ్గడం వల్ల టీచరు పోయారా అని ఏ రిపోర్టూ అడగదు. నా కళ్ల ముందే ఒక బడి 41 నుంచి 9కి పడింది. నాలుగేళ్లు పట్టింది.

దీనికి మందుగా ఆంధ్రప్రదేశ్‌లో 2022లో జీవో 117 వచ్చింది. 3, 4, 5 తరగతుల్ని చాలాచోట్ల దగ్గర్లోని హైస్కూళ్లలో కలిపారు. అలాంటిచోట ఊళ్లో బడికి ఒకటి, రెండు తరగతులే మిగిలాయి. అక్కను హైస్కూల్లో, తమ్ముణ్ణి ఊళ్లో దింపలేక ఎంతమంది తల్లులు ఇద్దరినీ ప్రైవేటులో చేర్చారో ఇక్కడున్నవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. 2025లో ఆ జీవోను ఉపసంహరించి మోడల్ ప్రైమరీ స్కూళ్లలో తరగతికో టీచర్ అన్నారు. అక్కడ తరగతిని లెక్కలోకి తీసుకున్నారు, అది సరైన ఆలోచన. నా బాధల్లా పిల్లలు తక్కువున్న బడికి ఆ లెక్క వర్తించకపోవడమే.

ప్రజల డబ్బు, ఇరవై మందికి ఇద్దరు టీచర్లా అని అడిగేవాళ్లున్నారు. న్యాయమైన ప్రశ్నే. ఒకే ఊళ్లో కూతవేటు దూరంలో రెండు బడులుంటే కలపండి, నేనే దగ్గరుండి బెంచీలు మోస్తాను. కానీ ఆరేళ్ల పిల్ల హైవే దాటాల్సిన చోట, కాలవ దాటాల్సిన చోట బడి ఊళ్లోనే ఉండాలి, అందులో ఇద్దరు టీచర్లు ఉండాలి. చట్టం అడుగుతున్నదే నేనూ అడుగుతున్నాను.

ఇక నిధులు. కేంద్ర పథకం సమగ్ర శిక్షా కింద వచ్చే స్కూల్ గ్రాంటు మీకు తెలుసు. 30 మంది దాకా ఉంటే ఏడాదికి 10,000 రూపాయలు. 31 నుంచి 100 దాకా 25,000. ముప్పై ఒకటో బిడ్డ టీసీ తీసుకుని వెళ్లిపోతే బడికి 15,000 పోతాయి. కప్పు కారడం పిల్లల సంఖ్యను బట్టి తగ్గుతుందా? 10,000 అంటే నెలకు 833. అందులోనే సుద్దముక్కలు, రిజిస్టర్లు, చీపుర్లు, ఫినాయిలు, బల్బు, మోటారు రిపేరు. ఒక ఏడాది మా బడి ఖాతాలో గ్రాంటు మార్చి చివరి వారంలో పడింది. 31లోగా ఖర్చుపెట్టి, ఖర్చయినట్టు ధ్రువీకరించే యూసీ ఇవ్వమన్నారు. జూన్‌లో, జూలైలో నేను చేబదులు పెట్టిన బిల్లులు పాతవంటూ పక్కన పెట్టారు. నాలుగు రోజుల్లో ఏది దొరికితే అది కొన్నాను. అవసరమైన బోర్డుకు రంగు వేయించలేకపోయాను. ఆ టెన్షన్ గుర్తొస్తే ఇప్పటికీ కోపం వస్తుంది.

జాతీయాదాయంలో 6 శాతం విద్యకు పెట్టాలని కొఠారీ కమిషన్ 1966లో చెప్పింది. 2020 జాతీయ విద్యా విధానం కూడా అదే 6 శాతం రాసి, అప్పటికి పెడుతున్నది 4.43 శాతమని ఒప్పుకుంది.

మూల్యాంకనం దగ్గర కాస్త ఆగుతాను, ఎందుకంటే నాకు ఎక్కువ నష్టం కనిపించేది ఇక్కడే. విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్‌లో నిరంతర సమగ్ర మూల్యాంకనం అని ఉంది. నేను పనిచేసిన రోజుల్లో పాఠాలు సాగుతుండగానే వేసే ఫార్మేటివ్ అంచనాకు 50 మార్కులు. భాగస్వామ్యం, ప్రతిస్పందనలకు 10, రాత పనులకు 10, ప్రాజెక్టుకు 10, లఘు పరీక్షకు 20. ఆలోచన బాగుంది. ఆచరణలో ప్రతి పిల్లకూ, ప్రతి సబ్జెక్టుకూ నాలుగు గళ్లు నింపడమే పని అయిపోయింది.

మూడో తరగతిలో ఒక అమ్మాయి ఉండేది. 42లోంచి 17 తీసేయమంటే 35 అని రాసింది. రెండులోంచి ఏడు పోదు కదా, అందుకని ఏడులోంచి రెండు తీసేసింది. నాలుగులోంచి ఒకటి. తనకు తీసివేత వచ్చు. పదిని విప్పి ఒకట్లు చేసుకోవచ్చని మాత్రం తెలియదు. నా రిజిస్టర్లో ఆ లెక్కకు సున్నా పడింది, ఆ సున్నా పైకి వెళ్లింది. అమ్మాయికి ఏది తెలుసో, ఏది తెలియదో సున్నాలో ఎక్కడుంది? చీపురు పుల్లలు పదేసి కట్టలు కట్టి, ఒక కట్ట విప్పి చూపిస్తే పది నిమిషాల్లో పట్టుకుంది. ఆ పది నిమిషాలు నాకు నాలుగో రోజున దొరికాయి.

ప్రతి పిల్ల నేర్చుకునే స్థాయిని అంచనా వేసి, అవసరమైతే అదనంగా బోధించడం టీచరు విధి అని 24వ సెక్షన్ చెబుతోంది. 2019 సవరణతో 5, 8 తరగతుల్లో పరీక్ష పెట్టి, తప్పినవాళ్లకు అదనపు బోధన ఇచ్చి, రెండు నెలల్లో మళ్లీ పరీక్ష రాయించి, అప్పటికీ తప్పితే అదే తరగతిలో ఉంచే వీలు రాష్ట్రాలకు వచ్చింది. ఒక్క టీచరున్న బడిలో ఆ అదనపు బోధన ఎవరు ఇస్తారు? ఏ సమయంలో ఇస్తారు? అది తేల్చకుండా పరీక్ష పెడితే, తనకు దక్కని 12 నిమిషాలకు శిక్ష ఆ పిల్ల అనుభవించాలి. దీన్ని నేను ఒప్పుకోను.

కాబట్టి పేరెంట్స్ కమిటీ వాళ్లను ఒక పని చేయమని కోరుతున్నాను. చట్టం 22వ సెక్షన్ ప్రకారం బడి అభివృద్ధి ప్రణాళిక తయారుచేయాల్సింది కమిటీయే, గ్రాంట్లకు ఆధారం కూడా ఆ ప్రణాళికే. చాలాచోట్ల అది హెడ్మాస్టర్ నింపి మీతో సంతకం పెట్టించుకునే కాగితంగా మిగిలింది. ఈసారి అందులో రోల్ పక్కనే ఇంకో వరస గీయండి. ఏ తరగతికి రోజుకు ఎన్ని నిమిషాలు టీచరు దొరుకుతున్నారో ఒక వారం పాటు చూసి రాయండి. టీచరు మీటింగుకు వెళ్లిన రోజు కూడా రాయండి. వారం లెక్క మినిట్స్ పుస్తకంలో ఎక్కించి, కాపీ మండల విద్యాధికారి (ఎంఈవో) ఆఫీసులో ఇచ్చి, అందినట్టు స్టాంపు వేయించుకోండి. ఆ పట్టిక నమూనా నేను గీసి తెచ్చాను. యాభై జిరాక్సులున్నాయి, బయట మంచినీళ్ల పక్కన బల్ల మీద పెట్టాను. బడికొకటి తీసుకెళ్లండి.