కారు కూలింగ్ ఫ్యాన్ తిరగట్లేదా? సెన్సార్ కొనేముందు ఇది చూడండి

నమస్కారమండి. విజయవాడ ఆటోనగర్, మన షెడ్డే. ఇదిగో ఈ బండి పొద్దున వచ్చింది. బెంజి సర్కిల్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే టెంపరేచర్ ముల్లు పైకి పోతోందట. వారధి దాటి గుంటూరు రోడ్డెక్కి స్పీడందుకుంటే మళ్లీ దిగిపోతోందట. ఈ ఒక్క మాట చాలు. పరుగులో ఉంటే ఎదురుగాలి చల్లబరుస్తోంది, ఆగితే ఆ పని చెయ్యాల్సిన ఫ్యాన్ తిరగట్లేదు.

ముందుగా, ఇంజన్ వేడిగా ఉండగా రేడియేటర్ మూత ముట్టుకోకండి. ఫ్యాన్ దగ్గర చెయ్యి పెట్టాలంటే బ్యాటరీ మైనస్ తీసేయండి. కీ ఆఫ్‌లో ఉన్నా సరే, కొన్ని బళ్లలో ఫ్యాన్ దానంతటదే తిరిగేస్తుంది.

సరే, ఏసీ వేస్తున్నా. ఆ... తిరిగింది, చూశారా? అంటే మోటారు బావుంది, ఫ్యూజు బావుంది. తిరక్కపోతే ఇదిగో, ఇక్కడ ఫ్యూజు, ఇక్కడ రిలే, అంటే ఫ్యాన్‌కి కరెంటు వదిలే స్విచ్చి. హారన్ రిలే కూడా ఇదే నంబరు, అటుదిటు మార్చి చూడటమే. ఈ బండికి అవసరం లేదు గానీ చూపిద్దామని మార్చాను.

ఇప్పుడు ఇంజన్ వేడి కొలిచే సెన్సార్. థర్మోస్టాట్, అంటే వేడెక్కాక రేడియేటర్‌కి కూలెంట్ వదిలే వాల్వు, దాని పక్కన, రెండు వైర్లది, ఇదే. ఇంజన్ వేడెక్కేకొద్దీ దీని రెసిస్టెన్స్ తగ్గుతుంది. ఈ రకం వాటిలో 20 డిగ్రీల దగ్గర సుమారు 2,500 ఓమ్‌లు, 80 దగ్గర 320, 100 దగ్గర 190 లోపు. బండిలోని కంప్యూటర్ అది చూసే ఫ్యాన్ వేస్తుంది. కప్లర్, అంటే ఈ వైర్ల ప్లగ్గు, పీకి సెన్సార్‌కి మీటర్ పెడుతున్నా... రీడింగ్ కరెక్టుగానే ఉంది. బండి కంప్యూటర్‌ని చదివే స్కానర్‌లో ఫాల్ట్ కోడ్ కూడా లేదు. వైరు పూర్తిగా తెగితే పీ0118 అని కోడ్ వచ్చేది, టెంపరేచర్ మైనస్ 40 చూపించేది. అలా మైనస్ 40 కనిపిస్తే ఎక్కడో కనెక్షన్ ఊడింది, లేదా సెన్సారే లోపల తెగింది.

ఇక్కడే నేను ఒకసారి దెబ్బతిన్నాను. జాగ్రత్తగా చూడండి. ఇలాంటి బండికే వరసగా రెండు సెన్సార్లు మార్చాను. పొద్దున చల్లగా ఉన్నప్పుడు స్కానర్‌లో చూస్తే అంతా కరెక్టే. మధ్యాహ్నానికి బండి మళ్లీ ఉడికిపోయి వచ్చేది. కస్టమర్ ముఖం చూడలేకపోయాను. తప్పు సెన్సార్‌లో కాదు, కప్లర్‌లో ఉంది. ఈ బండిలోనూ అదే.

కెమెరా దగ్గరికి తీసుకురా... ఇంకొంచెం. కప్లర్ లోపల, ఆ రెండో పిన్ను మొదట్లో పచ్చగా, కనిపిస్తోందా? చిలుము. అది ఒక 130 ఓమ్‌లు కలిపిందనుకోండి. పొద్దున 2,500కి 130 కలిస్తే ఎవరికి తెలుస్తుంది? తేడా ఒకటి రెండు డిగ్రీలే. అదే 100 డిగ్రీల వేడిలో 190కి 130 కలిస్తే 320. అంటే ఇంజన్ 100లో ఉడుకుతుంటే కంప్యూటర్ 80 అనుకుని కూర్చుంటుంది. ఇంక ఫ్యాన్ ఎందుకు వేస్తుంది? సెన్సార్‌ని విడిగా కొలిస్తే ఇది ఎప్పటికీ దొరకదు, తప్పు దానిలో లేదుగా.

అందుకే వేడి మీద చూడాలి. కప్లర్ మళ్లీ పెట్టి ఇంజన్ వేడెక్కనిచ్చాను. స్కానర్‌లో 79. ఈ టెంపరేచర్ గన్ను థర్మోస్టాట్ డబ్బా మీద పెడితే 97. తళతళలాడే అల్యూమినియం మీద గన్ను తక్కువ చూపిస్తుంది, అందుకే నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అంటించి దాని మీద చూశాను. ఇది మర్చిపోవద్దు. నన్నడిగితే, ఖరీదైన స్కానర్ కన్నా ఈ గన్నూ ఈ టేపూ ఎక్కువ పనికొచ్చాయి.

చిలుము స్ప్రే కొట్టి తుడిస్తే పోతుంది, నిజమే. మళ్లీ వస్తుంది కూడా. నేనైతే వైరుతో సహా కొత్త కప్లర్ వేస్తాను. తెంపడం, వేడికి బిగుసుకునే స్లీవ్ ఎక్కించడం, సోల్డర్, స్లీవ్ వేడి చెయ్యడం... అయిపోయింది. వైర్లు ఉత్తినే మెలేసి టేపు చుట్టకండి, ఆ వేడికి జిగురు కారిపోతుంది.

ఇంజన్ చల్లారింది. కూలెంట్ తగ్గి ఉంది, పోస్తున్నా. డిస్టిల్డ్ వాటర్‌తో సగం సగం. బోరు నీళ్లు పోస్తే లోపల సుద్ద కడుతుంది, వద్దు.

స్టార్ట్ చేశాను. ఏసీ ఆఫ్. 88... 92... గన్ను కూడా దాదాపు అంతే చూపిస్తోంది. 95... 96... విన్నారా? ఫ్యాన్ తిరిగింది. ఆగుతుందో లేదో కూడా చూడాలి, కంగారు పడకండి... 91, ఆగింది.

అన్నట్టు, ఇందాక మార్చిన రిలేలు దేని చోట దాన్ని పెట్టేశాను. హారన్ కూడా ఒకసారి కొట్టి చూడండి.