మిరియాల నీళ్లలో కనిపించినవి

(గుంటూరులో డిగ్రీ విద్యార్థులకూ, ఆసక్తి కొద్దీ వచ్చిన ఊరి పెద్దలకూ చేసిన ప్రసంగం పాఠం)

అందరికీ నమస్కారం. ముందు వరసలో కూర్చున్న పెద్దలకూ, ఫ్యాను ఎక్కడుందో చూసుకుని మరీ వెనక సర్దుకున్న పిల్లలకూ.

గుంటూరులో సూక్ష్మజీవుల గురించి మాట్లాడాలంటే ఘాటుతోనే మొదలుపెట్టాలి. నవ్వకండి, ఈ శాస్త్రం నిజంగా అక్కడే మొదలైంది. హాలండ్‌లో డెల్ఫ్ట్ అని ఒక ఊరు. అందులో ఆంటోనీ వాన్ లీవెన్‌హుక్ అనే బట్టల వ్యాపారి. బట్ట నేత ఎంత చిక్కగా ఉందో చూడటానికి ఆ వర్తకులు భూతద్దం వాడేవాళ్లు. ఈయనకు ఆ అద్దాల మీద పిచ్చి పట్టింది. సొంతంగా గాజు నూరి, బఠాణీ గింజ కన్నా చిన్న కటకాలు చేసుకున్నాడు. ఆయనకో సందేహం వచ్చింది: మిరియం నాలుకను ఎందుకు మండిస్తుంది? గింజలో కంటికి కనబడని ముళ్లేమైనా ఉన్నాయా?

చూద్దామని మిరియాలను నీళ్లలో నానేశాడు. మూడు వారాలు గడిచాయి. 1676 ఏప్రిల్ 24న ఒక చుక్క తీసి అద్దం ముందు పెట్టాడు. ముళ్లు లేవు. ఈదుతున్న ప్రాణులు ఉన్నాయి, లెక్కలేనన్ని. వాటిలో మరీ చిన్నవాటిని వంద వరసగా పడుకోబెట్టినా ఒక ముతక ఇసుక రేణువు పొడవు రాదని ఆ అక్టోబరులో లండన్‌లోని శాస్త్రవేత్తల సంఘం రాయల్ సొసైటీకి ఉత్తరం రాశాడు. వాళ్లు వెంటనే నమ్మలేదు. మరుసటి ఏడాది ఆ సంఘంలోని శాస్త్రవేత్త రాబర్ట్ హుక్ తన కళ్లతో చూసి అవునన్నాక నమ్మారు. ఘాటు సంగతి మాత్రం లీవెన్‌హుక్‌కు తేలనే లేదు.

ఆయన చూశాడు సరే, అవి ఏం చేస్తాయన్నది తేలడానికి దాదాపు 180 ఏళ్లు పట్టింది. అవి చేసే పనులకు మాత్రం మన ఇళ్లలో ఎప్పటినుంచో వేరువేరు మాటలున్నాయి. మా అమ్మ మాటలే తీసుకోండి. పిండి పులిసింది. పెరుగు తోడుకుంది. అన్నం పాచిపోయింది. పండు మురిగింది. పచ్చడికి బూజు పట్టింది. వీటిలో మొదటి రెండూ కంచంలోకి వస్తాయి, మిగతావి చెత్తబుట్టలోకి పోతాయి. అన్నిటి వెనకా ఉన్నది సూక్ష్మజీవులే. ఇవాళ నేను చెప్పబోయేదంతా ఈ గీత గురించే. పులియడానికీ పాడవడానికీ మధ్య గీత ఎక్కడుంది, దాన్ని ఎవరు గీస్తారు?

ఆ ప్రశ్నను మొదట సరిగ్గా పట్టుకున్నది లూయీ పాశ్చర్. ఆయన డాక్టరు కాదు, కెమిస్ట్రీ మాస్టారు. 1856లో ఫ్రాన్స్‌లోని లీల్ నగరంలో పాఠం చెబుతుంటే, ఒక విద్యార్థి తండ్రి బీట్‌దుంప రసంతో ఆల్కహాల్ తీసే ఫ్యాక్టరీ యజమాని, మొర పెట్టుకున్నాడు. కొన్ని తొట్లలో సారా దిగుతోంది, కొన్ని తొట్లు పుల్లగా పాడవుతున్నాయి అని. పాశ్చర్ రెండు తొట్ల నుంచీ చుక్కలు తెచ్చి మైక్రోస్కోపు కింద పెట్టాడు. మంచి తొట్టిలో గుండ్రటి ఈస్ట్ కణాలు. చెడ్డ తొట్టిలో వాటికన్నా బాగా సన్నటి కడ్డీలు. అంటే పులియడం ఒకటే పని కాదు. ఏ జీవి దిగితే ఆ సరుకే తయారవుతుంది. మరుసటి ఏడాదే లాక్టిక్ పులుపు మీద ఆయన వ్యాసం వచ్చింది. మన ఉయ్యూరులో చెరకు మడ్డి నుంచి ఆల్కహాల్ తీసేవాళ్లకూ ఇదే పాఠం: తొట్టిలో ఈస్ట్‌దే రాజ్యం కావాలి, కడ్డీలు చొరబడితే దిగుబడి పోతుంది.

అప్పట్లో జర్మనీ పండితుడు లీబిగ్ దీన్ని ఒప్పుకోలేదు. పులియడం వట్టి రసాయన చర్య, దానికి ప్రాణంతో పనేమిటని ఆయన వాదం. తీర్పు 1897లో వచ్చింది, అదీ తమాషాగా. ఎడ్వర్డ్ బుక్నర్ ఈస్ట్‌ను ఇసుకతో నూరి, పిండి, రసం తీశాడు. అది చెడిపోకుండా ఉంటుందని చక్కెర కలిపాడు. మనం పండ్లకు పాకం పట్టినట్టే అనుకోండి. ఆ రసం నురగలు కక్కింది! బతికున్న కణం ఒక్కటీ లేదు, అయినా పులుస్తోంది. పనిచేసింది కణంలోని ఎంజైములు, అంటే రసాయన చర్యలను నడిపించడానికి కణం తయారుచేసుకునే ప్రోటీన్లు. 1907లో ఆయనకు నోబెల్ ఇచ్చారు. ఇద్దరు పండితులు పోట్లాడుకుంటే ఇద్దరికీ చెరిసగం మార్కులు పడటం సైన్సులో కొత్తేమీ కాదు.

ఇక మన వంటింట్లోకి వద్దాం. ఇడ్లీ పిండి. చాలామంది, నాతో సహా, చిన్నప్పుడు విన్నదేమిటి? చేత్తో కలిపితేనే పిండి పొంగుతుంది, ఫలానా వాళ్ల చెయ్యి మంచిది అని. చేతికి పాత్ర అసలు లేదనను గానీ ముఖ్యపాత్ర మినప్పప్పుది. 1965లో ఇడ్లీ పిండి మీద ఒక పరిశోధన వచ్చింది. పిండి పొంగడానికి ప్రధాన కారణం ల్యూకోనోస్టాక్ మెసెంటరాయిడిస్ అనే బ్యాక్టీరియా అని అందులో తేల్చారు. అది బయటినుంచి రావక్కర్లేదు. పప్పు మీదే ఉంటుంది, నానబెట్టేటప్పుడే పెరగడం మొదలుపెడుతుంది. అది వదిలేది కార్బన్ డై ఆక్సైడ్. అంత గ్యాసు వదిలినా ఆపే గోడ లేకపోతే ఏం లాభం? ఆ గోడ కూడా మినప్పప్పే కడుతుంది. రుబ్బుతుంటే వచ్చే జిగురు, దాని ప్రోటీను కలిసి బుడగలను బుడగల్లాగే పట్టి ఉంచుతాయి. కందిపప్పు రుబ్బి పెట్టి చూడండి, పులుపు వస్తుంది గానీ ఆ పొంగు రాదు.

ఒక రాత్రి నిద్ర మానుకుని గంటగంటకూ పిండి చుక్క తీసి చూశాను. మొదట్లో వెతికితే గానీ ఏమీ కనబడదు. కొన్ని గంటలయ్యేసరికి చిన్న చిన్న గుండ్రటివి జంటలుగా, గొలుసులుగా. తెల్లవారుజామున స్లైడంతా అవే. గిన్నె దగ్గర చెవి పెడితే సన్నగా చిటపట వినిపించింది. మా ఆవిడ లేచి, స్టవ్ గట్టు మీద చెవి ఆనించి నిలబడ్డ నన్ను చూసి ఏమనుకుందో మీకే వదిలేస్తున్నా. ఇదంతా మే నెల సంగతి. డిసెంబరులో ఇదే పనికి రెట్టింపు సమయం పడుతుంది. అందుకే వేసవిలో పిండి గిన్నె దాటి గట్టంతా పారుతుంది, చలికాలంలో దుప్పటి కప్పినా కదలదు.

ఈ మినుముకు ఇంకో బ్యాక్టీరియాతో పాత బంధం ఉంది. మన డెల్టాలో వరి కోతకు ముందే, చేలో పదును ఉండగానే మినుములు చల్లుతారు కదా. ఆ మొక్కను మెల్లగా పీకి చూడండి, వేళ్లకు ఆవగింజలంత బుడిపెలుంటాయి. ఒకదాన్ని గోటితో చిదిమితే లోపల లేత ఎరుపు. అది మన రక్తంలోని హీమోగ్లోబిన్‌కు దగ్గర చుట్టమైన పదార్థం. ఆ బుడిపెలో ఉండే రైజోబియం గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు ఇస్తుంది, మొక్క దానికి చక్కెర పెడుతుంది. 1888లో బైజరింక్ ఈ బ్యాక్టీరియాను వేరుచేశాడు. రైజోబియం ప్యాకెట్ తెచ్చి, బెల్లం నీళ్లలో కలిపి, విత్తనానికి పట్టించి నీడలో ఆరబెట్టే రైతులు ఈ హాల్లోనే ఉండి ఉంటారు. మన లాం ఫారంలో, అంటే ఇక్కడి వ్యవసాయ పరిశోధన కేంద్రంలో, పుట్టిన మినుము రకాలకు ఎల్.బి.జి. అని పేరు. లాం బ్లాక్ గ్రామ్ అన్నమాట. కాబట్టి మీ ఇడ్లీ వెనక రెండు బ్యాక్టీరియాలు షిఫ్టుల్లో పనిచేశాయి, ఒకటి చేలో, ఒకటి గిన్నెలో.

బూజుల దగ్గరికొస్తే గీత ఇంకా సన్నం. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోడిపిల్లలు చచ్చిపోయాయి. ఏం జబ్బో తెలియక దానికి టర్కీ ఎక్స్ అని పేరు పెట్టారు. చివరికి దొరికింది దాణాలోని వేరుశనగ పిండి. దాని మీద పెరిగిన ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు ఒక విషం వదిలింది. అదే అఫ్లటాక్సిన్. మిరప వ్యాపారం చేసేవాళ్లకు ఈ మాట నేను కొత్తగా చెప్పక్కర్లేదు. యూరప్ పంపే ఎండుమిర్చిలో కిలోకు 10 మైక్రోగ్రాములు దాటకూడదు. టన్ను మిర్చికి, అంటే సుమారు పాతిక టిక్కీల (బస్తాల) సరుకుకు, మొత్తం కలిపి 10 మిల్లీగ్రాములు! కల్లంలో నేల మీద ఆరబోసిన కాయ మీద రాత్రి మంచు పడి, పొద్దున ఎత్తడం ఆలస్యమై, కుప్ప లోపల వేడెక్కితే చాలు. తాలు కాయలు ఏరేస్తే కొంత నయం. పట్టాల మీద ఆరబోసి సాయంత్రం కప్పితే ఇంకా నయం. కారం పట్టించాక, పోపులో వేయించాక ఆ విషం పోతుందనుకోవద్దు. పోదు.

ఇప్పుడు ఆ బూజుకు దగ్గర చుట్టాన్ని చూడండి. ఆస్పర్జిల్లస్ ఒరైజే. జపాన్‌వాళ్లు సోయా సాస్, మిసో, సాకే చేసేది దీనితోనే. ఇది ఫ్లేవస్ నుంచి మచ్చికైన రకమని శాస్త్రవేత్తలు భావిస్తారు, విషం చేయడం మానేసింది. అదే వంశంలో నల్లటిది ఆస్పర్జిల్లస్ నైగర్, ఉల్లిపాయ పొరల మీద మసిలా కనబడేది ఈ జాతి బూజే. వంటింట్లో నిమ్మఉప్పు డబ్బా ఉంటుందా? అది నిమ్మకాయల్లోంచి వస్తోందని తెనాలి నిమ్మతోటల వైపు చూడకండి. ఒకప్పుడు ఇటలీ నిమ్మకాయల నుంచి తీసేవాళ్లు. 1917లో జేమ్స్ కరీ అనే అమెరికన్ ఈ నల్లబూజుకు చక్కెర పెట్టి, పుల్లటి నీళ్లలో పెంచితే సిట్రిక్ యాసిడ్ కుమ్మరిస్తుందని చూపించాడు. రెండేళ్లకే ఫ్యాక్టరీ వచ్చింది. ఇవాళ ప్రపంచంలో నిమ్మఉప్పు దాదాపు అంతా ఆ బూజు చలవే.

మందుల సంగతి చెప్పకపోతే యల్లాప్రగడ సుబ్బారావుగారికి అన్యాయం చేసినవాణ్ణవుతాను. 1895లో భీమవరంలో పుట్టిన మనిషి. 1931లో లూసీ విల్స్ అనే డాక్టరు బొంబాయిలో గర్భిణుల్లో వచ్చే ఒక రకం రక్తహీనతకు ఈస్ట్ సారంతో నయం చేసింది. ఆ ఈస్ట్‌లో ఏముందన్నది మిస్టరీ. అదే ఫోలిక్ యాసిడ్. అమెరికాలో లెడర్లీ కంపెనీలో సుబ్బారావుగారి బృందం 1945లో దాన్ని కృత్రిమంగా తయారుచేసింది. నాకు ఇష్టమైన వివరం ఒకటుంది. ఆ పదార్థం ఎంత ఉందో కొలవడానికి వాళ్లు వాడిన తూనికరాయి లాక్టోబాసిల్లస్ కేసీ, పాలను పులియబెట్టే కుటుంబంలోని బ్యాక్టీరియా. అది ఎంత పెరిగితే విటమిన్ అంత ఉన్నట్టు. ఆయన ఆధ్వర్యంలోనే మట్టిలోని జీవి నుంచి ఆరియోమైసిన్ వచ్చింది, 1948లో. టెట్రాసైక్లిన్ మందుల్లో అదే మొదటిది. అదే ఏడాది ఆయన పోయారు, యాభై మూడేళ్లకే.

చివరగా నేను ఓడిపోయిన కథ. టీచరుగా రాకముందు ఒక డెయిరీ ల్యాబులో పనిచేశాను, పేరు వద్దు. ఒకరోజు పెద్ద ట్యాంకులో పాలకు తోడు వేశాం. నాలుగు గంటలకు గడ్డకట్టాలి. ఐదు గంటలైనా పాలు పాలలాగే ఉన్నాయి. పులుపు పరీక్ష చేస్తే, పొద్దున ఎంతో అప్పుడూ అంతే. మేనేజరు బయట పచార్లు, లోపల నాకు టెన్షన్. గేదెలకు పొదుగువాపు మందులిచ్చారేమో, పాలలో యాంటీబయాటిక్ ఉందేమో అని చూశాను. లేదు. చివరికి ఆ ట్యాంకు పాల తేట నీళ్లను బ్యాక్టీరియా దాటలేనంత సన్నటి ఫిల్టరులో వడకట్టి, ఒక్క చుక్క కొత్త తోడులో వేశాను. ఆ తోడూ చచ్చింది. అప్పుడు అర్థమైంది, ఫేజ్ పడింది. ఫేజ్ అంటే బ్యాక్టీరియాకు పట్టే వైరస్. ఫ్రెడరిక్ ట్వార్ట్ 1915లో, డెరెల్ 1917లో దీన్ని గుర్తించారు. డెయిరీ తోడును ఇది చంపుతుందని 1935లో న్యూజిలాండ్‌లో తేలింది. నేను అదంతా చదివే ఉన్నాను. నెలల తరబడి ఒకే తోడు వాడకూడదనీ పుస్తకంలో ఉంది. బాగా వస్తోంది కదా అని మార్చలేదు. ఆ రోజు పాలన్నీ పారబోశాం.

సరిగ్గా ఇదే బాధ పడుతున్న ఒక తోడు కంపెనీ, డానిస్కో, తన బ్యాక్టీరియాల్లో కొన్ని ఫేజ్ దాడిని ఎలా తట్టుకుంటున్నాయో చూసింది. 2007లో జవాబు దొరికింది. పెరుగులో ఉండే స్ట్రెప్టోకాకస్ థర్మోఫిలస్, తన మీద దాడి చేసిన ఫేజ్ జన్యువులోంచి చిన్న ముక్క కత్తిరించి తన దగ్గర దాచుకుంటుంది. పోలీసు స్టేషన్లో పాత నేరస్తుల ఫోటోలు పెట్టుకున్నట్టు. మళ్లీ అదే ఫేజ్ వస్తే పోల్చుకుని నరికేస్తుంది. ఈ ఏర్పాటు పేరు క్రిస్పర్. 2012లో షార్పాంటియే, డౌడ్నా అనే ఇద్దరు శాస్త్రవేత్తలు దాన్ని మనం కోరుకున్న చోట జన్యువును కత్తిరించే పనిముట్టుగా మలిచారు. 2020లో నోబెల్ వచ్చింది.

2025 మే నెలలో హైదరాబాద్ వరి పరిశోధన సంస్థ కమల అనే వంగడాన్ని ప్రకటించింది. ఆ కత్తెరతోనే చేసింది. వెన్నుకు గింజలు ఎక్కువ, పంట సుమారు 20 రోజులు ముందే కోతకొస్తుందని వాళ్లు చెబుతున్నారు. వాళ్లు కత్తెర పెట్టింది ఏ వరికో తెలుసా? సాంబ మసూరికి. బి.పి.టి. 5204. బి.పి.టి. అంటే బాపట్ల. మనవాళ్లు పుట్టించిన రకమే. నా ట్యాంకులో తోడును చంపింది ఫేజ్, ఆ ఫేజ్‌ను చంపడానికి పుట్టిన కత్తెర చివరికి మన బియ్యం దగ్గరికే వచ్చింది.

ప్రశ్నలకు ముందు ఒక మాట. వెనక బల్ల మీద రెండు మైక్రోస్కోపులు పెట్టాం. ఒకదాంట్లో మా ఇంటి పెరుగు, రెండోదాంట్లో నిన్న రాత్రి రుబ్బిన ఇడ్లీ పిండి. లెన్సు కింద నూనె ఒక్క బొట్టు చాలు, ఎక్కువ వేయకండి. పక్కన గ్లాసులో మిరియాలు నానేసి ఉన్నాయి, సరిగ్గా మూడు వారాలైంది. వాసన కాస్త ఇబ్బందిగా ఉంటుంది. అయినా ఒక చుక్క చూసి వెళ్లండి.