చేతిలో అర్జీ లేకుండా

శ్రోతలందరికీ నమస్కారం.

పోయిన వారం పలమనేరు దగ్గరి ఒక పల్లె నుంచి ఒక కుర్ర పాస్టరు ఫోన్ చేశాడు. సేవకు వచ్చి ఆరు నెలలే అయింది. "అయ్యగారూ, ఇక్కడ నాకు ఎవరూ తెలియదు. మా నాయన కూలి మనిషి. డబ్బు లేదు, వెనక పెద్ద సంఘం లేదు, బండి కూడా లేదు. ఏ ఆఫీసుకు పోయినా నిలబెట్టే మాట్లాడతారు. పెద్దవాళ్ల పరిచయాలు ఎట్లా సంపాదించాలి?" అన్నాడు.

నిలబెట్టే మాట్లాడతారు అన్న మాట దగ్గర నాకు అజరయ్యగారు గుర్తొచ్చారు. ఆయన సంగతి వస్తే నేను తొందరగా ఆపలేను, కాస్త ఓపిక పట్టండి.

వేదనాయకం శామ్యూల్ అజరయ్య 1874లో తిరునెల్వేలి వైపు ఒక పల్లెలో పుట్టారు. తండ్రి ఊరి గుడిలో పాదిరి. మద్రాసులో కాలేజీకి పోయారు గానీ డిగ్రీ చేతికి రాలేదు. వైఎంసీఏ అనే క్రైస్తవ యువకుల సంఘంలో కొన్నేళ్లు పనిచేశారు. 1909లో సొంత దేశం లాంటి తమిళ సీమ వదిలి, నిజాం రాజ్యంలోని డోర్నకల్‌కు వచ్చారు. వచ్చి తెలుగు నేర్చుకున్నారు. మన చిత్తూరోళ్లకు తెలుగు, తమిళం రెండూ చిన్నప్పుడే నాలుక మీదికి వస్తాయి. ఆయనకు ఆ వెసులుబాటు లేదు.

మరుసటి ఏడాది, 1910లో, స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ. 1200 మంది దాకా ప్రతినిధులు. అందులో ఆసియావాళ్లు 20 మంది కూడా లేరు. అజరయ్య లేచారు. గుడికి డబ్బు అడగొచ్చు. బడికి డబ్బు అడగొచ్చు. ఇవ్వగలిగినవాళ్లే ఎదురుగా కూర్చున్నారు. ఆయన డబ్బు మాటే ఎత్తలేదు. మీరు ఆస్తులిచ్చారు, ప్రాణాలు కూడా ఇచ్చారు, మాకు ప్రేమ కూడా కావాలి, మాకు స్నేహితులను ఇవ్వండి అన్నారు. చెయ్యి కలపడం, కుర్చీ వేయడం, భోజనానికీ టీకీ పిలవడం, ఇవి ఊరికే మర్యాదకైతే నేను అడగను, స్నేహంతో అయితే ఇవన్నీ కావాలి, ఇంకా కావాలి అన్నారు. సభలో కొందరికి కోపం వచ్చింది. రాదా మరి?

చూశారా, అప్పుడూ కుర్చీయే!

అయితే ఆ మాట అనడానికి ఆయనకు అర్హత ఉంది. అప్పటికే షెర్వుడ్ ఎడ్డీ అనే అమెరికా ఆయనతో ఏళ్ల తరబడి కలిసి పనిచేసి ఉన్నారు. ఎడ్డీ కలిగినింటి బిడ్డ, అజరయ్య పల్లెటూరి పాదిరి కొడుకు. అయినా స్నేహం కుదిరింది. ఇక మద్రాసు బిషప్ వైట్‌హెడ్ ఈయన కోసం గట్టిగా నిలబడ్డారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అజరయ్య ఆంగ్లికన్ సంఘంలో, అంటే ఇంగ్లండు చర్చి సంప్రదాయపు సంఘంలో, మొట్టమొదటి భారతీయ బిషప్ అయ్యారు.

ఇప్పుడు ఎమ్మెల్యే పక్కన నిలబడి ఫోటో దిగి, ఫ్రేము కట్టించుకుని, నాకు పరిచయాలున్నాయి అనుకునే సేవకులను చూస్తున్నాను. ఆ ఫోటో మీ గోడ మీద ఉంటుంది. ఆయన గోడ మీద ఉంటుందా?

నా సంగతి చెబుతాను. మొదటి ఊరికి నేను వెళ్లినప్పుడు, గుడి దారి గురించి అర్జీ పట్టుకుని ఒక ఆఫీసులో ఒక పూటంతా నిలబడ్డాను. రేపు రమ్మన్నారు. రేపు పోతే ఎల్లుండి రమ్మన్నారు. విసుగొచ్చి ఊరికి తిరిగొచ్చాను. మర్నాడు తెల్లవారకముందే నిద్ర పట్టక బయటికొస్తే పాల కేంద్రం దగ్గర ఊరంతా ఉంది. క్యాన్లు, చెంబులు, బీడీ పొగ. కేంద్రం నడిపే పెద్దాయన కళ్లద్దాలు పగిలిపోయాయట, రిజిస్టరు కళ్లకు దగ్గరగా పెట్టుకుని తంటాలు పడుతున్నాడు. "ఇటివ్వండి, నేను రాస్తాను" అన్నాను. ఆయన ఒక చెక్కపెట్టె నా వైపు తోసి, కూర్చో నాయనా అన్నాడు. ఆ ఊళ్లో నాకు దొరికిన మొదటి కుర్చీ అదే.

పేరు, లీటర్లు, వెన్న శాతం. పేరు, లీటర్లు, వెన్న శాతం. ఆయనకు కొత్త అద్దాలు వచ్చినా నేను మానలేదు, రెండేళ్లు రాశాను. ఎవరి ఆవు ఈనిందో, ఎవరి కొడుకు బెంగళూరు పోయాడో, ఎవరింట్లో చీటీ డబ్బు ఎగ్గొట్టారో అన్నీ నాకు తెలిసేవి. నన్ను పాల అయ్యగారు అని పిలిచేవాళ్లు. ఒక వాన రాత్రి మా సంఘంలో ఒకామెకు నొప్పులొచ్చాయి. వాగు పొంగి ఆటో రాలేదు. ట్రాక్టరు తీసుకొచ్చినాయన మా గుడి గడప ఎప్పుడూ తొక్కినవాడు కాదు. తర్వాత గుడి దారి పని కోసం నాతో ఆఫీసుకు వచ్చింది కూడా ఆయనే.

అందుకే ఆ అబ్బాయికి ఒకటే చెప్పాను. పని ఉన్నప్పుడు అందరూ పోతారు, పని లేనప్పుడు పో. రేపు పొద్దున అయిదున్నరకు పాల కేంద్రానికి పో, చేతిలో అర్జీ ఉండకూడదు అన్నాను.

"పోయి ఏం మాట్లాడాలి అయ్యగారూ?" అన్నాడు, గొంతులో టెన్షన్ తెలుస్తోంది.

"ముందు ఆవు ఎట్లుందో అడుగు" అన్నాను.